నాలుగో అంతస్తులో చిన్న లైను

కొత్త ఇంటి తలుపుకు మా అమ్మాయి రాజశ్రీ మూడు గొళ్ళేలు పెట్టించింది. ఒకటి కింద, ఒకటి నడుమ, ఒకటి నేను మునివేళ్ళ మీద నిలబడితే గాని అందనంత పైన. మూడూ మా ఆయన కోసమే. చేరిన మర్నాడే ఆయన మూడూ తెరిచి బయటికి వెళ్ళి మెట్ల మీద దొరికారు. బయటి నుంచి తాళం వేస్తే తలుపును అరచేతులతో బాదేవారు. చేతులు వాచి, గోళ్ళ సందుల్లో రక్తం వచ్చేదాకా బాదేవారు. తర్వాత ఆ రక్తం చూసుకుని, ఇది ఎవరిదని నన్నే అడిగేవారు.

ఆయన పేరు దుర్గారావు. రాయ్‌పూర్ నుంచి అభన్‌పూర్ మీదుగా ధమ్‌తరి వెళ్ళే చిన్న రైలుకు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. చిన్న లైను అనేవారు దాన్ని. పట్టాల మధ్య ఎడం తక్కువ, పెట్టెలు బొమ్మ పెట్టెల్లా ఉండేవి. తర్వాత రాయ్‌పూర్ ఊళ్ళో ఉన్న మేరకు ఆ పట్టాలు పీకేసి, అదే దారిన పెద్ద రోడ్డు వేశారు. పట్టాలు పోయిన కొన్నాళ్ళకు మా ఆయన జ్ఞాపకం కూడా అలాగే పోవడం మొదలయింది, ఒక కొస నుంచి వరసగా పీక్కుంటూ వచ్చినట్టు. ముందు నిన్నటి సంగతి పోయింది, తర్వాత మొన్నటిది. మా అబ్బాయి హేమంత్ చనిపోయిన సంగతి పోయింది. ఆ తర్వాత నేను పోయాను. చివరికి మిగిలింది డ్యూటీ ఒక్కటే.

పాత ఇల్లు రాయ్‌పూర్‌లోనే తేలీబాంధాలో ఉండేది. ఆ చుట్టుపక్కల అందరికీ ఆయన తెలుసు. ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని డ్యూటీకని బయల్దేరితే టీ కొట్టువాడు కూర్చోబెట్టి కబుర్లు చెప్పేవాడు, మంగలి వెనక్కి తీసుకొచ్చి దిగబెట్టేవాడు. అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు ఆ ఇల్లు అమ్ముకున్నారు. రాజశ్రీ పండరీ బజారులో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. సొంత ఇల్లు అని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటూ, ఊరి చివర ఈ నాలుగో అంతస్తు ఇల్లు కొంది. కొత్త కట్టడం. లిఫ్టు కోసం తవ్విన గొయ్యి ఉంది గాని లిఫ్టు లేదు. మా అంతస్తులో ఇంకెవరూ చేరలేదు. టీవీకి కేబుల్ రాలేదు. ఫోను బాల్కనీలో నిలబడితేనే మాట్లాడేది. ఆ బాల్కనీలోంచి కిందకి చూస్తే అదే రోడ్డు. ఒకప్పుడు సైకిలువాడు రైలుతో పందెం వేసి గెలిచిన చోట, ఇప్పుడు లారీలు, పికప్ బళ్ళు రాయి విసిరినట్టు పోతున్నాయి.

ఆయన ఆ రోడ్డు మీదకి దిగకూడదు. కొత్త ఇంట్లో నాకున్న పని అదొక్కటే.

ఒక ఆదివారం రాజశ్రీ అటక మీంచి హేమంత్ అట్టపెట్టె దించింది. వాడు పోయాక దాన్ని మేమెవరం ముట్టుకోలేదు.

“ఏటే అది?” అన్నాను.

“తమ్ముడి వీడియో గేమ్ అమ్మా. నాన్న చూస్తూ కూర్చుంటారేమో. ఈ ఇంట్లో ఆయనకి ఇంకేముంది చెప్పు? నాలుగు గోడలు, నువ్వు, నేను.”

“పాడైపోయుంటాది.”

“దేఖ్‌నే మే క్యా జాతా హై. చూస్తే పోయేదేముంది? పాడైతే పాడైంది.”

పాడవలేదు. నల్ల పెట్టెకు చిన్న నీలం దీపం వెలిగింది. టీవీ మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరు వచ్చింది. నేను బడికి పోలేదు. తెలుగు పప్పులు కట్టిచ్చే కాగితాల మీద, హిందీ స్టేషను బోర్డుల మీద కూడబలుక్కుని నాకు నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషులో మాత్రం ఒక్క మాటే చదవగలను. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో తెల్ల సంచులు వరసగా పెట్టారు. వాటి మీద నల్లసిరాతో పేర్లు రాశారు. మొహం చూపించడానికి వీల్లేదన్నారు, పేరు చూసుకొమ్మన్నారు. రాజశ్రీ తాడు ఇవతలి నుంచి వేలు పెట్టి చూపించింది. ఆ అక్షరాలు నేను ఒక్కొక్కటీ చూసి పెట్టుకున్నాను. ఇప్పుడు అవే అక్షరాలు మా ఇంట్లో టీవీ మీద వెలుగుతున్నాయి.

మా ఆయన కూడా చదివారు. “హేమంత్. మనోడు డ్యూటీ ఎక్కేసినాడేటి?”

రాజశ్రీ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

“ఎక్కాడు నాన్నా,” అంది రాజశ్రీ.

ముందు కార్ల ఆట పెట్టింది. ఆయన చూడలేదు. బంతాట పెడితే ఆవలించారు. తుపాకుల ఆట పెట్టగానే చెవులు మూసుకుని మంచం కిందకి దూరబోయారు. ఇక ఉన్నది రైలు ఆట. హేమంత్ బతికున్న రోజుల్లో వాళ్ళ నాన్న కోసమే తెచ్చాడది. అప్పుడు ఈయన, “ఇనప బండిని బొటనేలుతో తోల్తారేట్రా?” అని నవ్వి లేచిపోయారు. ఇప్పుడు మాత్రం టీవీలో ఇంజను గది కనిపించగానే వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు. ముందు అద్దంలోంచి ఏదో పరాయి దేశం. మంచు పడుతున్న స్టేషను, దూరంగా పచ్చ దీపం.

రాజశ్రీ రిమోట్ చేతిలో పెట్టి చూపించింది. ఈ పుల్ల ముందుకు నెడితే కదులుతుంది, వెనక్కి లాగితే ఆగుతుంది, ఇంకేం లేదు. ఆయన వేలు పుల్ల మీద పెట్టారు. నెట్టలేదు.

“నెట్టండి నాన్నా. గ్రీన్ ఉందిగా.”

“గ్రీనుంటే?” అన్నారాయన, బొగ్గు వేసే కుర్ర ఫైర్‌మన్‌ని కసిరినట్టు. “గ్రీనుంటే ఎల్లిపోడమేనా? టోకెన్ ఏదీ?”

రాజశ్రీకి అర్థం కాలేదు. నాకు అర్థమయింది. చిన్న లైను ఒంటి లైను. రెండు స్టేషన్ల నడుమ ఒక్క బండే ఉండాలి. అందుకని స్టేషన్ మాస్టరు మిషన్లోంచి ఒక ఇనప గుండు తీసి, తోలుసంచిలో పెట్టి, ఆ సంచి తగిలించిన బెత్తం చట్రాన్ని డ్రైవరుకు అందిస్తాడు. అదే టోకెన్. అది చేతికి వస్తేనే బండి కదలాలి. అవతలి స్టేషన్లో దిగబెట్టేదాకా ఆ లైను మీదకి ఇంకో బండిని వదలరు. టోకెన్ లేకుండా బండి కదిపినవాడికి ఉద్యోగం ఉండదు. రెండో బండి ఎదురొస్తే ప్రాణమే ఉండదు.

మా పెళ్ళినాటి మంచం ఈ మెట్ల మీంచి ఎక్కదంటే పాత ఇంటి దగ్గరే వదిలేశాం. వదిలేసేవాటిలోంచి ఏదో ఒక ముక్క తెచ్చుకోవడం నాకు అలవాటు. మంచం కోడు మీది ఇత్తడి గుబ్బ విప్పి కొంగున కట్టుకొచ్చాను. ఆ గుబ్బను పాత జాకెట్టు గుడ్డతో కుట్టిన సంచిలో వేశాను. రాజశ్రీ ఎంబ్రాయిడరీ చట్రానికి ఆ సంచి కట్టాను. తెచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

ఆయన చట్రాన్ని భుజానికి తగిలించుకున్నారు. సంచి తడిమి లోపల గుండు ఉందో లేదో చూసుకున్నారు. “థాంక్స్ మాస్టరు గారూ” అన్నారు. యాభై ఏళ్ళు నన్ను ఏమే, ఒలే అన్న మనిషి, చేతులు జోడించినంత పని చేశారు. తర్వాత పుల్ల ముందుకు నెట్టారు. మంచులో బండి కదిలింది.

ఆ రోజు సాయంత్రం దాకా ఆయన తలుపు వైపు చూడలేదు.

ఆ తర్వాత మా ఇల్లు ఆ పెట్టె మీదే నడిచింది. పొద్దున్న రాజశ్రీ దుకాణానికి వెళ్తూ దాన్ని వెలిగించి పోయేది. ఒక కొస నుంచి బయల్దేరి ఇంకో కొసకి చేరడం, నాకు టోకెన్ అప్పజెప్పడం, మళ్ళీ తీసుకోవడం. నేను పక్కనే స్టూలు వేసుకుని కాయగూరలు తరుగుతూ స్టేషన్ మాస్టరు ఉద్యోగం చేసేదాన్ని. పరాయి దేశం చెట్లు, వంతెనలు, ఎర్ర పెంకుల ఇళ్ళు చూసీ చూసీ నాకూ అలవాటయ్యాయి. ఒక మలుపు దగ్గర తెల్ల గుర్రం మేస్తూ ఉంటుంది. ఎప్పుడు చూసినా అక్కడే మేస్తుంది. అది ఇంకా ఉందని చూసుకుంటే నాకు గుండె కుదుటపడేది.

పున్నయ్య ఒక రోజు చూడ్డానికి వచ్చాడు. ఆవిరి ఇంజన్ల కాలంలో మా ఆయన దగ్గర ఫైర్‌మన్‌గా చేసినవాడు. నాలుగంతస్తులు ఎక్కి రొప్పుతూ కూర్చుని, నా చేతిలో చట్రం చూసి పకపకా నవ్వాడు.

“ఏటి వొదినా, స్టేషన్ మాస్టరైపోనావా? టోపీ ఏదీ మరి?”

“నీ తల మీద మసి టోపీ ఉండీదిగా, అదిచ్చీ.”

“ఆ మసి ఇంకా వొదల్నేదు వొదినా, ఈపు రుద్దమంటే మా యావిడి రుద్దదు.” మా ఆయన వైపు తిరిగి, “అన్నా, నాను, పున్నయ్యని” అన్నాడు.

ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, “కొత్తోడివా? బొగ్గు మూలమూలకీ ఎయ్యి. మద్దిన గుట్ట పొయ్యకు” అన్నారు.

“అలాగే అన్నా,” అన్నాడు పున్నయ్య. అని చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు.

పోయేటప్పుడు మెట్ల దగ్గర ఆగాడు. “ఒక మాట వొదినా. టోకెన్ నేకపోతే ఆయన్ని దేవుడొచ్చి పిలిసినా కదలడు. సేతిలో ఉంటే దేవుడొచ్చి ఆపినా ఆగడు. బండి స్టేషన్లోకి రాగానే ఎనక్కి తీసీసుకో. మరవకు.”

నేను మరవలేదు. ఆ మాటతో నాకు గొళ్ళేలతో పని తప్పింది. ఒకసారి చెత్త పడేయడానికి తలుపు బార్లా తీసి వెళ్ళి, గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చాను. ఆయన గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉన్నారు. ఖాళీ చేతులు చూసుకున్నారు. “లైన్ క్లియర్ రాలేదు” అని గొణుక్కుని, వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నా చేతిలో ఇంత ఉందని నాకు ఏనాడూ తెలీదు.

నేనెప్పుడూ మనుషుల్ని ఆపలేకపోయినదాన్ని. పలాస స్టేషన్లో పెళ్ళిబట్టలతో రైలెక్కాక మా అమ్మ ప్లాట్‌ఫారం మీద వెనక్కి జరుగుతూ పోయింది. మళ్ళీ చూడలేదు. హేమంత్ అంబులెన్సు ఎక్కేటప్పుడు చెయ్యి ఎత్తాడు, తలుపు వేసేశారు. డ్యూటీకి పోయే మనిషిని ఎక్కడికి అని అడగకూడదని, దూరమేనా అని మాత్రమే అడగాలని మా అమ్మ నేర్పింది. ఆయన క్యారేజీ అందుకుని గుమ్మం దిగుతుంటే రోజూ అలాగే అడిగేదాన్ని. “ఎంత దూరమే? రాత్రికి అన్నం వొండీ,” అనేవారు. హేమంత్‌ని అడగడానికి ఆ ఒక్క మాటకీ వ్యవధి లేకపోయింది.

అందుకని చేతిలో టోకెన్ ఉన్నదాన్ని, దాన్ని ఎక్కువెక్కువ సేపు ఇవ్వకుండా దాచుకోవడం మొదలుపెట్టాను. కింద రోడ్డు మీద రద్దీగా ఉంటే ఇచ్చేదాన్ని కాదు. నాకు కాళ్ళు లాగుతున్నా, కన్ను అదిరినా ఇచ్చేదాన్ని కాదు. ఆయన రిమోట్ పట్టుకుని, టీవీలో ఆగి ఉన్న బండిని చూస్తూ గంటలకు గంటలు కూర్చునేవారు. సిగ్నలు ముందు ఆగిపోయిన బండి దారి ఇమ్మని పొడుగ్గా కూత వేస్తుంది. ఆయన నోటితో ఆ కూత వేసేవారు. సన్నగా, తెగకుండా. ఖాళీగా ఉన్న పక్క ఇళ్ళలో అది తిరిగి తిరిగి వినిపించేది.

రాజశ్రీ ఒక సాయంత్రం చెప్పులు విప్పకుండానే నా మీద పడింది. “కింద గేటు దాకా వినిపిస్తోంది అమ్మా. ఎంతసేపట్నుంచి నిలబెట్టావు?”

“ఇప్పుడే.”

“ఝూఠ్ మత్ బోలో, అబద్ధాలాడకు. అన్నం అలాగే ఉంది. డ్యూటీలో ఉన్న మనిషి తినడని నీకు తెలుసుగా. ఇచ్చెయ్యొచ్చుగా అది?”

“రోడ్డు సూడు, ఎలాగుందో.”

“ఆయన నడిపేది టీవీలో అమ్మా! రోడ్డు మీద కాదు.”

“నీకేటి తెలుసు, ఆయన ఎక్కడ నడుపుతున్నారో?”

రాజశ్రీ నా దగ్గరకొచ్చింది. నా కొంగున కట్టుకున్న టోకెన్ తనే విప్పి తీసుకెళ్ళి ఆయనకిచ్చింది. “థాంక్స్ మాస్టరు గారూ” అని ఆమెకూ చెప్పారాయన.

మే నెలలో కట్టడం ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. మిట్టమధ్యాహ్నం ఢామ్మని చప్పుడయింది, ఫ్యాను ఆగింది, టీవీ నల్లబడింది. మా ఆయన అప్పుడు తెల్ల గుర్రం మలుపు దాటి వంతెన మీద ఉన్నారు. టోకెన్ ఆయన భుజాన ఉంది.

“స్టేషన్ వచ్చేసింది, టోకెన్ ఇచ్చేయండి,” అన్నాను.

“స్టేషనా? బండి సెక్షన్ మద్దిన ఫెయిలైపోతే టోకెన్ అడుగుతారేటి మాస్టరు గారూ? రూలు తెలీదా?” అని దాన్ని రెండు చేతులతో పొట్టకి అదుముకున్నారు.

లాగితే నా చెయ్యి విదిలించి కొట్టారు. సరే, కరెంటు వస్తే బండి అదే చేరుతుంది, అప్పుడు ఇస్తారు అనుకున్నాను. కరెంటు రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. గోడలు పెనంలా కాలుతున్నాయి. మోటారు నడవక కుళాయిలు ఎండిపోయాయి. నేను నీళ్ళ బిందెలు మోశాను, ఆయనకి తడిగుడ్డ వేశాను, విసనకర్రతో విసిరాను. రెండో రోజు మధ్యాహ్నం విసురుతూ విసురుతూ కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కునికాను.

లేచేసరికి కుర్చీ ఖాళీ. టోకెన్ ఆయన దగ్గరుందని మళ్ళీ వేసిన మూడు గొళ్ళేలూ తీసి ఉన్నాయి. ఎర్ర తువ్వాలు కొక్కేనికి లేదు.

బండి నడిమధ్య ఆగిపోతే ఒకరు ఎర్ర గుడ్డ పట్టుకుని లైను వెంట వెనక్కి నడవాలి. వెనక నుంచి వచ్చే బండిని దూరంలోనే ఆపాలి. ఫైర్‌మన్‌నో గార్డునో పంపాలి. ఆయనకి ఎవరూ లేరు. తనే దిగారు.

గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. “దాయీ, బబా హ కహిస్, ఇంజన్ బిగడ్ గే హే, ఝండీ దిఖాయె జాథౌఁ.” ఇంజను చెడిపోయింది, జెండా చూపించడానికి పోతున్నానని ఆయన చెబితే, అంత పెద్దరికంగా చెబితే, వీడు గేటు తీసి పట్టుకున్నాడు.

నడవాల్సిన దూరం కూడా ఆయన సరిగ్గానే నడిచారు. రోడ్డు నడుమ, ఒకప్పుడు పట్టాలుండిన చోట, కాళ్ళు ఎడంగా పెట్టి, తువ్వాలు రెండు చేతులతో చాపి నిలబడ్డారు. ఒక కారు తప్పించుకుని పోయింది. నేను పరుగెత్తి చేరేలోపే, దాని వెనక వస్తున్న పికప్ తప్పించుకోలేకపోయింది. పికప్ నడిపే మనిషే ఆయన్ని ఎత్తి బండిలో వేసుకుని, నన్ను కూడా ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా “అమ్మా, రుక్ జావ్ బోల్ రహే థే, మై సమఝా నహీ” అంటూనే ఉన్నాడు. ఆగమంటున్నారు, నాకు అర్థం కాలేదు అని.

తుంటి విరిగింది. లోపల ఇంకేవో చితికాయి. ఈ వయసులో కత్తి పెట్టలేమన్నారు ఆస్పత్రిలో. కొన్నాళ్ళుంచుకుని ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నలుగురు మనుషులు మడత కుర్చీలో ఆయన్ని నాలుగంతస్తులు ఎక్కించారు. హాల్లో, టీవీ ఎదురుగా మంచం వేశాం.

కరెంటు వచ్చి ఎన్నాళ్ళో అయింది. రాజశ్రీ రైలు ఆట పెట్టి రిమోట్ ఆయన చేతి కింద ఉంచింది. వేళ్ళు కదల్లేదు. కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి. మంచు స్టేషను, పచ్చ దీపం, ఆగి ఉన్న బండి. మాట పోయింది. గొంతులో నీళ్ళు దిగడం కూడా కష్టమైంది. కాని కూత మాత్రం ఉంది. ఎండిన పెదాల నడుమ నుంచి, ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా వచ్చేది. పగలంతా వచ్చేది. నేను వంటింట్లో పంపు తిప్పి ఆ చప్పుడులో నిలబడేదాన్ని.

టోకెన్ చట్రం రోడ్డు మీద నలిగిపోయింది. ఇత్తడి గుబ్బ వాచ్‌మన్ ఏరి తెచ్చి ఇచ్చాడు. దాన్ని బియ్యం డబ్బా అడుగున పెట్టాను.

పున్నయ్య వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఈసారి నవ్వలేదు. ఆ కూత కొంచెంసేపు విన్నాడు.

“వొదినా, ఎన్నాళ్ళయింది ఇలగ?”

“చాలా రోజులయింది.”

“సిగ్నల్ కాడ నిలబెట్టీసినావు ఆయన్ని. ఇచ్చీ వొదినా.”

“ఏటి ఇచ్చీది?”

“తెలీనట్టు మాటాడకు.”

“పోయిందది. రోడ్డు మీద పోయింది,” అన్నాను.

పున్నయ్య నా మొహం చూసి తల దించుకున్నాడు. రాజశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకి తెలుసు. బియ్యం కొలిచి పోసేది ఆమే.

పున్నయ్య వెళ్ళాక వచ్చి నా పక్కన కూలబడింది. “అమ్మా, తమ్ముణ్ణి ఎవరో తీసుకుపోయారు. నువ్వు పంపలేదు. అదే కదా నీ బాధ? నాన్ననైనా నువ్వు పంపు.”

“నాను పంపను.”

“ఆయన నొప్పి నీకు కనబడట్లేదా?”

“కనపడతంది. నాను పంపను. ఎల్లిపోయినోళ్ళు ఎవులూ తిరిగి రానేదు రాజీ, నాకు తెలుసు.”

రాజశ్రీ ఆయన పక్క గుడ్డలు మార్చడానికి లేచింది. ఆయన్ని పక్కకు ఒత్తిగిలించినప్పుడు నడుము మీద పుండు చూశాను. అరచెయ్యంత ఉంది. ఆ నొప్పికి కూడా ఆయన అరవలేదు. అదే కూత వేశారు. కొంచెం పొడుగ్గా, అంతే. తప్పు నాది కాదు, సిగ్నలు ఇవ్వండి అన్నట్టు.

మర్నాడు పొద్దున్న నేను స్నానం చేసి, పొడి చీర కట్టుకుని, బియ్యంలో చెయ్యి పెట్టాను. గుబ్బకి అంటిన బియ్యపు నూక తుడిచాను. చట్రం లేదు, సంచి లేదు. ఉత్త గుబ్బే ఆయన అరచేతిలో పెట్టాను.

“లైన్ క్లియర్ వచ్చింది. టోకెన్ తీసుకోండి డ్రైవరు గారూ,” అన్నాను.

వేళ్ళు ఒక్కొక్కటీ దాని మీద ముడుచుకున్నాయి. కూత ఆగింది. రాజశ్రీ కింద కూర్చుని రిమోట్ తీసుకుని పుల్ల ముందుకు నెట్టింది. తెర మీద బండి కదిలింది. మంచు స్టేషను వెనక్కి పోయింది.

“దూరమేనా?” అని అడిగాను.

ఆయన కళ్ళు పట్టాల మీద ఉన్నాయి. తెల్ల గుర్రం వచ్చింది, పోయింది. వంతెన వచ్చింది. వంతెన దాటాక ఊపిరి అందుకోవడం, వదలడం మధ్య ఎడం పెరిగింది. రాజశ్రీ కళ్ళు తుడుచుకుంటూ కూడా బండి ఆపలేదు. చివరి స్టేషన్లో తనే మెల్లగా ఆపింది. అప్పటికే ఆయన లేరు.

పాడె మీదకి ఎత్తేముందు పున్నయ్య చేతులు సర్దుతూ ఆయన పిడికిలి చూశాడు. నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

“టోకెన్ తీసీ వొదినా. అది బండితో ఎల్లిపోతే లైను మూసీసినట్టే. ఆ ఎనక ఇంకో బండి పోడానికి నేదు.”

“నాకూ తెలుసు,” అన్నాను. “అందుకే ఉండనీ.”

పున్నయ్య నన్ను చూశాడు, తర్వాత టీవీ పక్కన ఒంటరిగా నిలబడి ఉన్న రాజశ్రీని చూశాడు. తెల్లగుడ్డ లాగి ఆ పిడికిలి కప్పేశాడు. మహాదేవ్ ఘాట్‌లో రాజశ్రీయే తలకొరివి పెట్టింది. నేను ఇంట్లో కూర్చున్నాను. హేమంత్ పోయాక మొదటిసారి నాకు భయం లేదు. ఆ లైను మూసి ఉంది. ఇక నా ఇంట్లోంచి ఎవరూ పోరు.

అస్థికలు ఏరడానికి వెళ్ళి రాజశ్రీ కుండతో వచ్చింది. కుండను గుమ్మం బయట గూట్లో పెట్టి, కాళ్ళు కడుక్కుని, చున్నీ కొసన కట్టి తెచ్చిన దాన్ని విప్పింది.

“ఇది కాలలేదమ్మా,” అంది.

నల్లగా కమిలిపోయింది. ఒక పక్క చిన్న సొట్ట. నేను దాన్ని చేతిలోకి తీసుకోగానే చాలా బరువనిపించింది. టోకెన్ వెనక్కి వచ్చింది. బండి చేరిపోయింది. లైను ఖాళీ అయింది.

పదకొండో రోజు దాటాక వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. కేబుల్ వాళ్ళు ఇంకా రాలేదు. రాజశ్రీకి దుకాణం నుంచి రాగానే ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఒక సాయంత్రం నేల మీద కూర్చుని ఆ నల్ల పెట్టె వెలిగించింది. హేమంత్ పేరు వచ్చింది, పోయింది. మంచు స్టేషన్లో బండి ఆగి ఉంది, పచ్చ దీపం ఉంది. రాజశ్రీ బొటనవేలు పుల్ల మీద పెట్టి, నెట్టకుండా ఆగింది. అలసిపోయిన మొహంతో కాస్త నవ్వి, నా వైపు చెయ్యి చాపింది.

“మాస్టరు గారూ, టోకెన్.”

నా కొంగున ముడి ఉంది. ఆ ముడిని పిడికిట్లో బిగించి పట్టుకున్నాను.

“లైను ఖాళీ నేదమ్మా,” అన్నాను. “ఆగు.”